సమీకరణము ప్రక్కని మాట

నేటి ప్రసంగమునకు విషయము మిక్కిలి చిన్నది. గణిత గ్రంథమున ఒకదాని క్రింద నొకటిగా వరుస తీర్చి నిలిపిన సమీకరణముల ప్రక్కన ఒక చిన్న మాటను వ్రాయవలసి వచ్చును. ‘ఇరువైపుల మూడింటిని తీసివేయగా’ అనియో, ‘ముందటి సూత్రమును బట్టి’ అనియో, ‘ఏలయన ఇది సున్న కాదు’ అనియో ఆ మాట యుండును. ఆ మాట ఎచ్చట నుండవలెను? సమీకరణమునకు కుడి ప్రక్కనా, రెండు వరుసల నడుమనా, పుట యంచుననా? ఇది అచ్చుకూర్పరి చూచుకొనవలసిన పని గాని చరిత్రకారునకు దీనితో పని యేమి యని మీకు తోపవచ్చును. నా మనవి యేమనగా, గణితమునందు అంకెలు చెప్పునది ‘ఏమి’ యైనచో ప్రక్కని మాట చెప్పునది ‘ఏల’. అంకెలు మాత్రమే మిగిలి మాట పోయిన చోట విద్య నకలు వ్రాయుటగా దిగజారును. ఆ మాట ఏయే కాలములందు ఎచ్చట నిలిచెనో, ఎచ్చట జారిపోయెనో, నేడు యంత్రము సాయమున దానిని ఎట్లు నిలుపుచున్నారో చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

మొదట లోకమంతటను గణితము మాటలతోనే నడచినది. 1842లో నెస్సెల్‌మాన్ అను జర్మను పండితుడు బీజగణిత చరిత్రను మూడు దశలుగా విభజించెను. మొదటిది అంతయు వాక్యములతో చెప్పు దశ. రెండవది తఱచుగా వచ్చు మాటలను పొడి అక్షరములుగా కుదించు దశ. మూడవది మాటలు వదలి గుర్తులతోనే నడపు దశ. నేడు మనకు పుట్టుకతో వచ్చినట్లు తోచు సమాన చిహ్నము, అనగా రెండు అడ్డగీతల గుర్తు, 1557లో ఇంగ్లండు దేశమున రాబర్ట్ రికార్డ్ అచ్చు వేయించిన గ్రంథమున మొదట కానవచ్చినది. ‘సమానమగును’ అని పదేపదే వ్రాయలేక ఆ గీతలను వాడితినని ఆయనయే చెప్పుకొనెను. ‘కావున’ అనుటకు మనము వ్రాయు మూడు చుక్కల గుర్తు 1659లో రాన్ అను స్విట్జర్లండు గణితజ్ఞుని గ్రంథమున కనబడుచున్నది. చూడుడు, గుర్తులలో సైతము ఒకటి మాటకు బదులుగా నిలిచినదే. మాటను పూర్తిగా త్రోసివేయుట గణితమునకు ఏ నాడును సాధ్యము కాలేదు.

ఇక మన దేశమునకు వత్తము. సమీకరణము లను ఈ పదము సంస్కృతము. సమముగా చేయుట యని దాని యర్థము. 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడును, తఱువాత దానికి వ్యాఖ్య వ్రాసిన పృథూదకస్వామియు, 12వ శతాబ్దమున బీజగణితమును రచించిన భాస్కరాచార్యుడును అనుసరించిన పద్ధతిలో మన ప్రసంగమునకు మిక్కిలి దగ్గఱ యగు విశేషము గలదు. వారికి సమాన చిహ్నము లేదు. సమీకరణము యొక్క రెండు పక్షములను ఎడమ కుడిగా గాక, ఒకదాని క్రింద నొకటిగా వ్రాసిరి. తెలియని రాశికి ‘యావత్తావత్తు’ అని పేరు, దాని పొడి అక్షరము ‘యా’. తెలిసిన అంకెకు ‘రూపము’ అని పేరు, దాని పొడి అక్షరము ‘రూ’. ఇది మన రూపాయ కాదు సుమా! కేవలము ఏకమునకు పేరు.

ఒక చిన్న యుదాహరణము కల్పించి చెప్పెదను. ఒక రైతు కడ 5 ఎద్దులును 8 మాడలును గలవు. మఱియొకని కడ 3 ఎద్దులును 20 మాడలును గలవు. ఇద్దఱి సంపద సమానము. ఎద్దు వెల యెంత? ప్రాచీనులు దీనినిట్లు నిలుపుదురు:

యా 5   రూ 8
యా 3   రూ 20

యా క్రింద యా, రూ క్రింద రూ నిలువుగా తీర్చబడినవి. పై యా నుండి క్రింది యా తీసివేయగా 2. క్రింది రూ నుండి పై రూ తీసివేయగా 12. రెండవ దానిని మొదటి దానిచే భాగింపగా ఎద్దు వెల 6 మాడలు. ఒక పక్షమున ఒక రాశి లేనిచో అచ్చట చోటు విడువక, ‘యా 0’ అని సున్నను వ్రాసి వరుసను కాపాడెడివారు. నిలువు వరుస చెడినచో లెక్కయే చెడునని వా రెఱుగుదురు. సమీకరణములను వరుస తీర్చుట కేవలము కంటి కింపు కొఱకు గాదు, అది ఆలోచనకు ఆధారము. ఈ సంగతిని మన పూర్వులు వేయి సంవత్సరములకు పూర్వమే ఆచరణలో పెట్టిరి.

వరుస యట్లుండగా మాట ఎచ్చట నుండెను? దీనికి బక్షాలీ వ్రాతప్రతి చక్కని సాక్ష్యము. 1881లో పెషావరు ప్రాంతమున బక్షాలీ యను గ్రామమున నేల త్రవ్వుచుండగా ఆ భూర్జపత్రములు దొరకినవి. 1902 నుండి అవి ఆక్స్‌ఫర్డు నగరమున బోడ్లియన్ గ్రంథాలయమున నున్నవి. వాని కాలమును గుఱించి పండితులలో నేటికిని వాదము గలదు. అందు సూత్రము మొదట, ఉదాహరణము తఱువాత, పిదప స్థాపన, అనగా అంకెలను నిలుపుట, ఆ వెనుక కరణము, అనగా చేయు విధము, కడపట ప్రత్యయము, అనగా వచ్చిన ఫలము నిజమని సరిచూచుట. అంకెలు గీతలతో కట్టిన గళ్లలో నుండును. కూడిక కొఱకు ‘యు’, గుణకారమునకు ‘గు’, భాగహారమునకు ‘భా’, మూలమునకు ‘మూ’, ఫలమునకు ‘ఫ’ అను పొడి మాటలు ఆ గళ్ల ప్రక్కననే యుండును. సంఖ్య గడిలో నుండుట, మాట దాని చెంత నుండుట, సరిచూచుట చివరకు రాకుండ విడువకుండుట, ఇవి యన్నియు ఆ ఆకులపై నున్నవి. 629లో ఆర్యభటీయమునకు వ్యాఖ్య వ్రాసిన మొదటి భాస్కరుడును ఇట్లే ఉదాహరణము, న్యాసము, కరణము అను వరుసను పాటించెను.

మన తెలుగునాట ఈ విద్య ఎట్లు ప్రవేశించెను? 9వ శతాబ్దమున రాష్ట్రకూట రాజగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడను జైనుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలో సారసంగ్రహ గణితముగా వెలయించెను. దానినే పావులూరి గణితమందురు. మల్లన రాజరాజనరేంద్రుని కాలము వాడని ఒక సంప్రదాయము గలదు. మూలగ్రంథమును మద్రాసున రంగాచార్యులవారు పరిష్కరించి 1912లో ఆంగ్లానువాదముతో ప్రకటించిరి. మల్లన జైన ప్రసంగములున్న తావుల శివుని నిలిపి, గ్రంథమును తెలుగు చదువరికి ఇంటి వస్తువుగా చేసెను. మన సాహిత్యము తొలి అడుగులు వేయుచున్న దినములలోనే లెక్కల శాస్త్రము తెలుగు పద్యమునకు ఎక్కినదన్న మాట గర్వింపదగినది.

అయితే పద్యమునకు ఒక స్వభావము గలదు. పద్యము సూత్రమును చెప్పును, ప్రశ్నను చెప్పును. మధ్య జరుగు లెక్క పద్యమున కెక్కదు. ఆ లెక్క దేనిపై జరిగెను? ‘పాటీగణితము’ అను పేరే చెప్పుచున్నది. పాటి యనగా పలక. దానిపై ధూళిని పఱచి వ్రేలితో వ్రాయుట చేత దానికి ధూళీకర్మ యనియు పేరు. మన వీధిబడులలో పిల్లలు ఇసుకలో దిద్దిన సంగతి పెద్దలకు తెలియనిది గాదు. తాళపత్రము చూతమా, అది పొడవుగా, సన్నముగా నుండును. దానిపై ఘంటముతో వ్రాయుటకు కొన్ని పంక్తులే పట్టును. ఒకదాని క్రింద నొకటిగా పది సమీకరణములను నిలుపుటకు అందు చోటు లేదు. అందుచేత మాట ఆకుపైని నిలిచినది, లెక్క ధూళిలో కలిసినది. గురువు నోట ప్రక్కని మాట యుండినంత కాలము ఈ యేర్పాటు చక్కగా నడచినది. గురుపరంపర తెగిన చోట పద్యము మిగిలెను గాని, దానిని ఎట్లు నడపవలెనో తెలియక వ్యాఖ్యాతల కొఱకు వెదుకవలసి వచ్చెను.

దీనికి విపరీతమైన ముచ్చట యొకటి తెలుగుదేశముననే జరిగినది. 1910వ సంవత్సరపు చివరి నెలలో శ్రీనివాస రామానుజన్ ఉద్యోగము కొఱకును ఆశ్రయము కొఱకును నెల్లూరికి వచ్చెను. అప్పుడు నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావుగారు. ఆయన గణితాభిమాని. రామానుజన్ తన నోటుపుస్తకమును చంకన పెట్టుకొని పోయి, దానిని విప్పి తన సిద్ధాంతములను వివరింపసాగెను. ఆ పుటలలో సూత్రములు కలవు గాని అవి ఎట్లు వచ్చెనో తెలుపు మాటలు లేవు. విన్నది అర్థవంతమో కాదో తేల్చుకొనలేకపోతినని రామచంద్రరావుగారు తఱువాత వ్రాసిరి. మరల రమ్మనిరి. రామానుజన్ ఆయన కెంత తెలియునో గ్రహించి, మొదట సులభమైన ఫలితములను చూపి, మెట్టు వెంట మెట్టుగా నడపించి, చివరకు తన గొప్ప సిద్ధాంతముల కడకు చేర్చెను. అప్పుడు రావుగారికి నమ్మకము కుదిరెను. రామానుజన్ జీవనమునకై నెలకు కొంత సొమ్ము తామే ఇచ్చుచు వచ్చిరి.

ఇందలి నీతిని గమనింపుడు. పుస్తకము మార లేదు, సూత్రములు మార లేదు. ప్రక్కన మాట వచ్చి చేరినది, అంతే. ఆ నోటి మాట లేకున్నచో ఆ పుస్తకము నెల్లూరు దాటి పోవుట దుర్లభము. రామానుజన్ కాగితము ఖరీదునకు వెఱచి, లెక్కను పలకపై చేసి, ఫలితమును మాత్రమే పుస్తకమున వ్రాసుకొనెడివాడు. బాల్యమున ఆయన చదివిన కార్ అను ఆంగ్లేయుని గ్రంథము కూడ వేలకొలది ఫలితములను మిక్కిలి క్లుప్తముగా కూర్చిన సంకలనమే. తత్ఫలితముగా 1920లో ఆయన గతించిన తఱువాత ఆ నోటుపుస్తకముల లోని మూడు వేలకు పైబడిన ఫలితములకు కారణములు పూరించుట కొన్ని తరముల పని యైనది. అమెరికాలోని బ్రూస్ బెర్న్ట్ అను పండితుడు 1985 మొదలు 1998 వఱకు అయిదు సంపుటములు ప్రకటింపవలసి వచ్చెను. ప్రక్కని మాట వ్రాయకున్నచో దాని వెల ఎవరో ఒకరు ఎప్పుడో చెల్లింపక తప్పదు.

ఇక అచ్చు కాలమునకు వత్తము. సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా కూర్చు దినములలో గణితమును కూర్చుట అచ్చుకూటములకు మిక్కిలి శ్రమ. వరుసకు పైన కొన్ని అంకెలు, క్రింద కొన్ని అంకెలు, నడుమ గీతలు, ఎడముల కొఱకు చిన్న చిన్న లోహపు ముక్కలు. ఇట్టి పనికి ఇంగ్లండులో అదనపు కూలి యుండెను. ఖర్చు పెరుగుటచే ప్రకటనకర్తలు మాటలను తగ్గింపవలెననియు, సమీకరణములను వాక్యములోనే ఇఱికింపవలెననియు కోరెడివారు. అయినను బడిపుస్తకములలో ఒక మంచి యాచారము నిలిచినది. మన పెద్దలు చదివిన హాల్, స్టీవెన్స్ అను వారి యూక్లిడు క్షేత్రగణితమును స్మరింపుడు. అందు ఉపపత్తి వాక్యములు ఎడమ వైపున నడచుచుండగా, ప్రతి మెట్టునకు ఆధారమైన పూర్వ సిద్ధాంతపు సంఖ్య కుడి యంచున చిన్న అక్షరములతో నుండును. కన్ను ఎడమ వైపున లెక్కను చదువును, సందేహము కలిగినపుడు మాత్రమే కుడి వైపునకు మరలును. చదువువాని పరుగునకు అడ్డము రాక, అడిగినపుడు మాత్రము బదులు చెప్పు సాక్షి వంటిదీ యంచు మాట. అమెరికా పాఠశాలలలో 20వ శతాబ్దమున దీనినే రెండు నిలువు భాగములుగా విడదీసి, ఎడమ వైపున వచనమును, కుడి వైపున కారణమును వ్రాయించిరి. మన తెలుగు పాఠ్యపుస్తకములలోని దత్తాంశము, సారాంశము, నిర్మాణము, ఉపపత్తి అను వరుసయు ఆ కుటుంబమునకు చెందినదే.

ఈ సందర్భమున మన మానుకోట సీమను గుఱించి ఒక మాట చెప్పవలెను. నేడు మహబూబాబాదు జిల్లాలోని మండల కేంద్రమగు నెల్లికుదురు 2016 వఱకు వరంగల్లు జిల్లాలో నుండెను. 1948 వఱకు అది నిజాము రాజ్యములోని భాగము. ఆ రాజ్యమున ఉన్నత విద్య ఉర్దూలో నడచెను. 1917లో హైదరాబాదున అనువాద శాఖ స్థాపింపబడినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో ఏర్పడినది. శాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చిన ఆ పండితుల కృషి సామాన్యమైనది గాదు. దేశభాషలో ఉన్నత గణితము చెప్పవచ్చునని వారు నిరూపించిరి. కాని ఇంట తెలుగు మాటలాడు బాలునకు ఆ ‘ఏల’ యను మాట పరభాషలోనే వచ్చెను. 1948 తఱువాత విశ్వవిద్యాలయమున ఉర్దూ స్థానమును ఇంగ్లీషు ఆక్రమించెను. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, కళాశాల తరగతులకు తెలుగులో పాఠ్యగ్రంథములను ప్రకటించుటకు పూనుకొనెను. దానికి మొదటి అధ్యక్షులు వరంగల్లు సీమలోని లక్నేపల్లిలో జన్మించిన పి. వి. నరసింహారావుగారు. ఒక శతాబ్దము లోపల సమీకరణము కొంచెమైనను మారలేదు. దాని ప్రక్కని మాట మాత్రము ఉర్దూ నుండి ఇంగ్లీషునకు, ఇంగ్లీషు నుండి తెలుగునకు, కొందఱ యెడ మరల ఇంగ్లీషునకు మాఱినది. ఈ మార్పులలో కష్టపడినది విద్యార్థి. అంకెలు ఏ భాషకును చెందనివి కనుక వానిని కంఠస్థము చేసి గట్టెక్కవచ్చును. కారణము మాత్రము ఒక భాషలో తెలియవలసినదే.

ఇప్పుడు యంత్రయుగమున జరిగిన మార్పును చెప్పెదను. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డానల్డ్ కనూత్ అను వాడు ఆచార్యుడుగా నుండెను. ఆయన మహాగ్రంథము యొక్క రెండవ సంపుటము మొదట లోహాక్షరములతో అందముగా అచ్చయినది. 1977లో దాని రెండవ కూర్పునకు ఛాయాచిత్ర పద్ధతిలో కూర్చిన పుటలు చేతికి రాగా, వాని వికారము చూచి ఆయన సహింపలేకపోయెను. తన పుస్తకము తానే కూర్చుకొనుటకు ‘టెక్’ అను కంప్యూటరు సాధనమును నిర్మింప పూనెను. కళ యని యర్థమిచ్చు గ్రీకు మాట నుండి ఆ పేరు వచ్చినది. ఒక పుస్తకము కొఱకు మొదలైన పని లోకమునకంతకు సాధనమైనది. దానిని ఉచితముగా లోకమునకు విడిచెను. 1980 దశకమున లెస్లీ లాంపోర్ట్ అను వాడు దానిపై ‘లేటెక్’ అను సులభమైన కూర్పు విధానమును కట్టెను. అమెరికన్ గణిత సంఘము వారు సమీకరణముల వరుసలకు ప్రత్యేకమైన ఆదేశములను చేర్చి 1990లో విడుదల చేసిరి. నేడు గణిత పత్రికలలో అధిక భాగము ఈ విధానముననే కూర్చబడుచున్నది.

ఇందు వరుస తీర్చుట ఎట్లు? వ్రాయువాడు సమాన చిహ్నమునకు ముందు ఒక గుర్తును, ఇంగ్లీషులో ‘మఱియు’ అనుటకు వ్రాయు ఆంపర్సండ్ గుర్తును, పెట్టును. ప్రతి పంక్తిలోని ఆ గుర్తులన్నియు ఒకే నిలువు గీతపై వచ్చి నిలుచును. బ్రహ్మగుప్తుని అనుయాయులు యా క్రింద యా నిలిపిన పనియే యిది. ఇక ప్రక్కని మాటకు మూడు స్థానములు గలవు.

మొదటిది, అదే పంక్తిలో కుడి ప్రక్కన. సూత్రము ముగిసిన పిమ్మట ఆంపర్సండ్ గుర్తును రెండు మాఱులు వ్రాసి, ‘టెక్స్ట్’ అను ఆదేశము లోపల మాటను ఉంచవలెను. మొదటి గుర్తు ఒక జంట వరుసను ముగించును, రెండవది క్రొత్త జంటలో ఎడమ నుండి మొదలగు స్థానమును చూపును. అందుచే ప్రతి పంక్తి యొక్క కారణమును ఒకే నిలువు గీత నుండి ప్రారంభమగును. ఇదియే హాల్, స్టీవెన్సుల కుడి యంచు. ‘టెక్స్ట్’ అను ఆదేశము మఱచి మాటను నేరుగా వ్రాసినచో యంత్రము దానిని మాటగా నెఱుగదు. ప్రతి యక్షరమును ఒక్కొక్క రాశిగా తలచి, వానిని గుణించినట్లు వంకర అక్షరములలో ఎడము లేక కూర్చును. మాటను మాటగా చెప్పవలెనన్న నియమమును యంత్రము కూడ విధించుచున్నది.

రెండవది, రెండు పంక్తుల నడుమ. దీనికి ‘ఇంటర్‌టెక్స్ట్’ అను ఆదేశము గలదు. ‘ఇప్పుడు మొదటి సమీకరణమును ఇందు ప్రతిక్షేపింపగా’ వంటి దీర్ఘవాక్యము కుడి ప్రక్కన పట్టదు. సమీకరణముల వరుసను అచ్చట ముగించి మరల ప్రారంభించినచో పై భాగమునకును క్రింది భాగమునకును నిలువు గీత తప్పిపోవును. ఈ యాదేశము వాక్యమును ఎడమ అంచు నుండి వ్రాయించి, దానికి ముందు వెనుకల నున్న సమాన చిహ్నములను ఒకే గీతపై నిలుపును. ఏటి నడుమ రాయి యున్నను ప్రవాహము తన దారిని విడువనట్లు!

మూడవది, పేరు. ‘టేగ్’ అను ఆదేశముతో పంక్తి చివర సంఖ్యకు బదులుగా ఒక చిన్న పేరును ఉంచవచ్చును. తఱువాత ఆ పేరుతోనే ఆ పంక్తిని పిలువవచ్చును. ఈ మూడును గాక, ప్రక్కన ఒక పేరాయే కావలసినచో సమీకరణములను ఒక పెట్టెగా కూర్చు ‘ఎలైన్డ్’ అను పద్ధతిని వాడి, దాని సరసన మాటల పెట్టెను నిలుపవచ్చును.

ఏది ఎప్పుడు వాడవలెను? కారణము అయిదాఱు మాటలకు మించనిచో కుడి ప్రక్క. ఆలోచన మలుపు తిరుగుచున్నచో పంక్తుల నడుమ. మరల మరల పిలువవలసినదైనచో పేరు. ఎల్ల కారణములను కుడి ప్రక్కన క్రిక్కిఱిసి వ్రాసినచో పుట చాలక సమీకరణము ముక్కలగును. ఎల్ల మాటలను నడుమనే వ్రాసినచో సమీకరణముల బంధము కంటికి కానరాదు. మితమే యిచ్చట మర్యాద.

తెలుగు లిపికి ఈ సాధనము మొదటి నుండి అనుకూలము కాలేదు. మన గుణింతములు తలపైని, వత్తులు పాదముల క్రిందను నిలుచును. 1990 దశకమున ఇంగ్లీషు అక్షరములలో తెలుగును వ్రాసి, దానిని తెలుగు లిపిలోనికి మార్చుకొను ఏర్పాట్లు వచ్చినవి. 1991లో యూనికోడ్ అను ప్రపంచ లిపి పట్టికలో తెలుగునకు స్థానము లభించినది. 2004లో వెలువడిన జీటెక్ అను రూపము యూనికోడ్ లిపులను నేరుగా గ్రహించుటచే, తెలుగు మాటను తెలుగుననే వ్రాసి కూర్చుట సులభమైనది. తిరువనంతపురము కేంద్రముగా టెక్ వాడుకరుల భారతీయ సంఘము పనిచేసినది. 2002లో అంతర్జాతీయ సమావేశము అచ్చటనే జరిగినది. ఇప్పుడు తెలుగు గణితమును కూర్చువాడు రెండు సంగతులు తెలిసికొన్న చాలును. గణితపు అక్షరములలో తెలుగు వర్ణములు లేవు కనుక తెలుగు మాట తప్పక ‘టెక్స్ట్’ ఆదేశము లోపలనే యుండవలెను. వత్తులకు చోటు కావలెను కనుక పంక్తుల నడుమ ఎడమును కొంచెము పెంచవలెను.

శ్రోతలారా! ఒకప్పుడు చోటు లేక మాట పోయినది. తాళపత్రము సన్నము, కాగితము ప్రియము, అచ్చు కూలి యధికము. నేడు ఆ కారణములలో ఏదియు నిలువదు. నెల్లికుదురు వంటి మండల కేంద్రమున ఒక ఉపాధ్యాయుడు తన కంప్యూటరుపై, ధనవ్యయము లేకయే, ప్రపంచ గణితజ్ఞులు వాడు సాధనముతో తన పాఠమును తెలుగున కూర్చుకొనవచ్చును. సాధనము సిద్ధముగా నున్నది, కొఱత మన అలవాటులో నున్నది. పరీక్షకు కావలసినది చివరి సంఖ్యయే యని తలచి, నమూనా జవాబుల పుస్తకములు సమీకరణములను మాత్రమే వరుసగా అచ్చొత్తుచున్నవి. బాలుడు వానిని చూచి వ్రాయును, గట్టెక్కును. మఱియొక రూపమున ప్రశ్న వచ్చిన నాడు నిలిచిపోవును. వానికి బుద్ధి తక్కువ యని మనము తీర్పు చెప్పుదుము. నిజమునకు తక్కువైనది ప్రక్కని మాట.

కనుక ఉపాధ్యాయులకును, పాఠ్యగ్రంథకర్తలకును నాదొక విన్నపము. ప్రతి మెట్టునకు కుడి ప్రక్కన ఒక చిన్న కారణమును తెలుగున వ్రాయుడు. విద్యార్థులచే వ్రాయింపుడు. బక్షాలీ పత్రముల రచయిత వలె చివర సరిచూచుటను మఱువకుడు. విద్యార్థులారా, వరుసలో ఏ సమీకరణము కడనైనను ‘ఇది ఏల?’ యని అడుగుడు. బదులు దొరకనిచో ఆ ఖాళీ చోటును గుర్తించి, దానిని మీ మాటతో నింపుడు. రామచంద్రరావుగారి యెదుట రామానుజన్ చేసిన పనియు అదియే. మహామేధావికి సైతము తప్పని ఆ పని మనకు తప్పునా?